సీసాలో భరోసా

మా వంటింట్లో రెండు అలమారాలున్నాయి. ఒకదానిలో మా ఆవిడ ఊరగాయ జాడీలు, రెండోదానిలో నా సీసాలు. జాడీలు ఏడాదికొకసారి, మామిడికాయల రోజుల్లో నిండుతాయి. సీసాలు మాత్రం అమెరికాలో వుంటున్న మా అబ్బాయి వచ్చినప్పుడల్లా నిండుతాయి. వాడి పెట్టె తెరిస్తే సగం చాక్లెట్లు, సగం మాత్రలు. చాక్లెట్లు వీధిలో పిల్లలకి, మాత్రలు నాకు.

కాల్షియం, డి విటమిను, ఫోలిక్ ఆమ్లం, సెలీనియం, పసుపులోంచి సారం తీసి నింపిన గొట్టపు మాత్రలు - యిన్ని రకాలు. ఒకసారి చేపనూనె సీసా కూడా తెచ్చాడు. మా ఆవిడ దాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. పక్కింటివారికి యిచ్చేసింది. తక్కినవన్నీ పొద్దున్నే కాఫీ అయిన తరువాత బల్లమీద వరసగా పేర్చుకొని, ఒక్కొక్కటే మహా శ్రద్ధగా మింగేవాణ్ణి.

"దేవుడి ముందు కూడా యింతసేపు కూర్చోరు గదండీ!" అనేది మా ఆవిడ.

నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఆ నవ్వు వెనకాల వున్న భయం ఆవిడకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అన్నయ్య ఎర్రసీసా

మా అన్నయ్యది అమలాపురం. నాకంటె అయిదేళ్లు పెద్ద. అరవై అయిదు దాటినా రోజూ కొబ్బరితోటకు నడిచి వెళ్లి నడిచి వచ్చే మనిషి. పొగాకు ముట్టడు, తాగుడు ఎరగడు, మాంసం తినడు. అటువంటివాడు ఒక సంక్రాంతికి మేం వెళ్లేసరికి మేడమెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. ముఖం తెల్లగా పాలిపోయి వుంది.

"రక్తం తక్కువయిందిట, మరిదిగారూ! మందు వాడుతున్నారు లెండి," అన్నది వదిన.

ఆ మందు, ఊళ్లో మందులకొట్టు నుంచి తెచ్చుకొన్న ఇనుము టానిక్కు. ఎర్రటి సీసా. నెల తిరిగేసరికి అన్నయ్య ముఖంలో కళ వచ్చింది. అందరం సంతోషించాం. సీసా అయిపోయింది, మళ్లీ పాలిపోయాడు. మళ్లీ సీసా, మళ్లీ కళ. ఇలా పది నెలలు గడిచాయి.

మధ్యలో ఒకటి రెండుసార్లు విరేచనంలో రక్తపు చార కనిపించిందిట. "మొలలే, వేడి చేసింది," అని తనే తీర్పు చెప్పుకొని మజ్జిగ ఎక్కువ తాగాడు. తరువాత విరేచనం నల్లగా అవుతూంటే, ఇనుము పుచ్చుకొనేవాళ్లకు అలాగే అవుతుందని ఎవరో చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. ఇనుము పుచ్చుకొంటే నల్లగా అవడం నిజమే. కాని ఆ నిజం చాటున మరో నిజం దాగి కూర్చుంది.

చివరికి కడుపునొప్పి పట్టుకొంటే మా కాకినాడ తీసుకొచ్చాం. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. మా అమ్మ కాలంలో రాచపుండు అనేవారు. ఆ మాట ఇంట్లో ఎవరూ గట్టిగా పలికేవారు కారు. ఆపరేషను చేసి పేగులో కొంత ముక్క తీసేశారు. ఆరు నెలలు మందులు ఎక్కించారు. అన్నయ్య జుట్టు పలచబడింది, గొంతు పలచబడింది.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు వదినతో అన్న మాట నేను మరిచిపోలేను. "అమ్మా, అరవై దాటిన మగవాడికి రక్తం తగ్గిందంటే, అది ఎక్కడికి పోతోందో ముందు వెతకాలి. కుండకు చిల్లి వుంటే నీళ్లు పోస్తూ కూర్చుంటామా?"

తరువాత నా వంక తిరిగాడు. "తోడబుట్టినవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఒకరికి వస్తే తక్కిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బిడ్డలూ 40వ ఏటినుంచే చూపించుకోవాలి. ఆ ఒకరికి చిన్నవయసులోనే వచ్చి వుంటే, ఆ వయసుకు పదేళ్లు ముందునుంచే మొదలుపెట్టాలి."

నాకప్పటికి 61. లెక్కల మాస్టారుగా రిటైరయినవాణ్ణి గనక తీసివేత వెంటనే చేశాను. ఇరవై ఒక్క ఏళ్లు ఆలస్యం.

వెనకనుంచి గొట్టం పెట్టి పెద్దపేగంతా చూస్తారని తెలిసేసరికి నా గుండె జారింది. అబ్బాయికి ఫోను చేశాను. "పరీక్ష తప్పకుండా చేయించుకోండి, నాన్నా! క్యాన్సర్ రాకుండా కొన్ని మాత్రలు కూడా పంపుతాను," అన్నాడు.

నేను మొదటి వాక్యం వదిలేసి రెండో వాక్యం పట్టుకొన్నాను.

మాస్టారికి లెక్క

అలా ఏడాది గడిచింది. అన్నయ్య ఫోను చేసినప్పుడల్లా "పరీక్ష అయిందా?" అని అడిగేవాడు. "ఎండలు తగ్గనీ," అనేవాణ్ణి. తరువాత "వానలు తగ్గనీ." ఒకనాడు అన్నయ్యకు కోపం వచ్చింది.

"ఒరేయ్, సీసా నమ్ముకొని నేను పది నెలలు పోగొట్టుకొన్నాను. నువ్వు ఎన్ని పోగొట్టుకొంటావురా?" అని ఫోను పెట్టేశాడు.

మా ఊళ్లో కడుపు జబ్బులు చూసే డాక్టరు ఒకాయన ఎనిమిదో తరగతిలో నా శిష్యుడు. సీసాలన్నీ సంచిలో వేసుకొని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఇవి చాలునని ఆయన చేత అనిపించుకొంటే అన్నయ్య నోరు మూయించవచ్చునని నా ఎత్తు.

ఆయన సీసాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "మాస్టారూ, చిన్నప్పుడు మీరు నా చేత లెక్కలు చేయించారు. ఇవాళ మీ చేత నేను చేయిస్తాను," అని ముందు పెద్దపేగు సంగతి చెప్పాడు.

పేగు లోపలి గోడమీద కొందరికి పుట్టగొడుగుల్లాంటి బుడిపెలు లేస్తాయి. వాటిని పాలిప్‌లు అంటారు. చాలావాటి వల్ల ఏ హానీ వుండదు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి, సుమారు పదేళ్ల కాలంలో క్యాన్సర్‌గా మారతాయి. నొప్పి వుండదు. అందుచేత మాత్ర ఏదైనా పనిచేస్తుందా లేదా అని తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులు ఒకసారి పాలిప్‌లు తీయించుకొన్నవారిని పోగుచేసి, చీటీలు వేసినట్టుగా జట్లు కడతారు. ఒక జట్టుకు అసలు మాత్ర, మరో జట్టుకు అచ్చం అలాగే వుండే ఉత్త మాత్ర. ఎవరిది ఏదో మింగేవాడికీ తెలియదు, యిచ్చేవాడికీ తెలియదు. మూడు నాలుగేళ్ల తరువాత మళ్లీ పేగు చూసి, కొత్త బుడిపెలు ఎవరికి ఎన్ని లేచాయో లెక్కపెడతారు.

"ముందు కాల్షియం చూద్దాం," అన్నాడు. "1999లో అమెరికాలో 930 మందితో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. ఉత్త మాత్ర వాళ్లలో నూటికి 38 మందికి మళ్లీ పాలిప్‌లు వచ్చాయి. రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం పుచ్చుకొన్నవాళ్లలో 31 మందికి."

"చూశావా మరి!" అన్నాను ఉత్సాహంగా.

"ఆగండి, మాస్టారూ! 2006లో 36,282 మంది ఆడవాళ్ల లెక్క వచ్చింది. సగంమందికి ఏడేళ్లపాటు కాల్షియం, డి విటమిను కలిపి యిచ్చారు. క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్ర జట్టులో 168 మంది, ఉత్త మాత్ర జట్టులో 154 మంది. పోనీ అని 2015లో మళ్లీ 2,259 మందితో కాల్షియం విడిగా, డి విటమిను విడిగా, రెండూ కలిపి చూశారు. ఏ జట్టుకూ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు."

నా ఉత్సాహం చల్లారింది. ఆయన సీసాలు పక్కకు జరుపుతూ పోయాడు. సెలీనియం, ఇ విటమిను: అమెరికా, కెనడాలలో 35 వేలకు పైగా మగవాళ్లకు యిచ్చి చూశారు. పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. పైగా ఇ విటమిను ఒక్కటే పుచ్చుకొన్నవారిలో ప్రోస్టేటు క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో తేలింది. పసుపు సారం: వంశపారంపర్యంగా పేగునిండా పాలిప్‌లు లేచే అరుదైన జబ్బు వున్న 44 మందికి రోజుకు 3 గ్రాముల లెక్కన ఏడాదిపాటు యిచ్చి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితంలో రెండు జట్లకూ తేడా లేదు.

"పోనీ, మేలు చేయకపోతే మానె, కీడు లేదుగా?" అన్నాను.

"అదీ అనడానికి లేదు. కారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ వుంది చూశారూ, దాన్ని ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లకు యిచ్చారు. జట్లన్నీ కలిపి 29,133 మంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకొన్నారు. 1994లో చూస్తే ఆ మాత్ర పుచ్చుకొన్నవారిలో 18 శాతం ఎక్కువయింది. కారెట్ తింటే ఏ భయమూ లేదు. దానిలోంచి ఒక్క సరుకు బయటికి తీసి మోతాదు పెంచితే అది కారెట్‌లాగే మసలుకొంటుందని నమ్మకం లేదు."

భీమవరం బిడ్డ కనిపెట్టినది

ఫోలిక్ ఆమ్లం సీసా చేతిలోకి తీసుకొన్నప్పుడు మాత్రం ఆయన ముఖం వికసించింది.

"దీనితో మనకు చుట్టరికం వుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1945లో అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో దీన్ని తయారుచేసింది."

ఆ పేరు నాకు తెలుసు. తరగతిలో పిల్లలకు చెప్పేవాణ్ణి కూడా. తెలియని సంగతి ఆయన తరువాత చెప్పాడు.

కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేక రక్తం విరిగిపోయినవారికి అది అమృతం. కాని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తపు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఆ జాతి మందు యిచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకొన్నట్టు కనిపించింది. మంచి కణానికి పనికివచ్చే తిండే చెడ్డ కణానికీ పనికివచ్చిందన్నమాట. అప్పుడు సుబ్బారావుగారి ప్రయోగశాల దానికి విరుగుడుగా అమినోప్టెరిన్ అనే మందు చేసి యిచ్చింది. దానితో కొందరు పిల్లలు కొన్నాళ్లపాటు తేరుకొన్నారని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. దాని తమ్ముడివంటి మెథోట్రెక్సేటు నేటికీ ఆస్పత్రుల్లో వాడుకలో వుంది.

"ఆ పాఠం పెద్దపేగు దగ్గర మళ్లీ ఎదురయింది," అన్నాడు డాక్టరు. "పాలిప్‌లు తీయించుకొన్న 1,021 మంది మీద రోజుకు ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం పనిచేస్తుందా అని చూశారు. 2007లో తేలినది ఏమంటే, మేలు లేదు. మూడు నుంచి అయిదేళ్ల తరువాత చూస్తే, మూడూ అంతకు మించీ పాలిప్‌లు లేచినవారు ఫోలిక్ ఆమ్లం జట్టులోనే రెట్టింపుకు పైగా వున్నారు. తరువాత 2013లో దాదాపు 50 వేలమంది లెక్కలు కలిపి చూస్తే క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. తగ్గినట్టూ తేలలేదు. కడుపుతో వున్న ఆడవాళ్లకు యీ మాత్ర తప్పకుండా కావాలి. బిడ్డ వెన్నెముకను కాపాడుతుంది. లోపం వున్నవాడికి కావాలి. మీకెందుకు, మాస్టారూ?"

నా దగ్గర జవాబు లేదు.

వదిన ఇసబ్‌గోల్

చివరి బాణంగా ఇసబ్‌గోల్ వేశాను. అది మాత్ర కాదు గదా, పొట్టు! అన్నయ్య ఆపరేషను అయినప్పటినుంచి వదిన ఇంట్లో అందరిచేతా రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లలో తాగిస్తోంది.

డాక్టరు నవ్వాడు. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జను, అక్కడి పల్లెజనంలో పెద్దపేగు జబ్బులు అరుదని గమనించి, వాళ్లు తినే పీచు పదార్థమే కారణమని 1971లో రాశాడు. ఆనాటినుంచి పీచుకు పెద్ద పేరు వచ్చింది. 2000లో మూడు పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒకచోట గోధుమ తవుడు తినిపించారు, ఒకచోట కొవ్వు తగ్గించి కూరలూ పళ్లూ పీచూ పెంచిన భోజనం పెట్టారు. పాలిప్‌లు మళ్లీ రావడంలో తేడా లేదు. మూడోది యూరపులో జరిగింది. అందులో వాడినది మన ఇసబ్‌గోలే, రోజుకు మూడున్నర గ్రాములు. మూడేళ్ల తరువాత ఉత్త పొడి పుచ్చుకొన్నవారిలో నూటికి 20 మందికి పాలిప్‌లు తిరిగివస్తే, ఇసబ్‌గోల్ వారిలో 29 మందికి వచ్చాయి.

"ఒక్క పరీక్షతో ఇసబ్‌గోల్ చెడ్డదనకూడదు. మలబద్ధకానికి మంచిదే. క్యాన్సర్‌కు కంచె అని మాత్రం అనలేం."

"అయితే యింక తినడం దేనికయ్యా, జాగ్రత్త దేనికి?" అన్నాను విసుగ్గా.

"తినాలి. పప్పూ, కూరలూ, పైపొర తీయని ధాన్యమూ ఏళ్ల తరబడి తినేవాళ్లలో యీ జబ్బు తక్కువగానే కనిపిస్తుంది. నడక, పొట్ట పెరగకుండా చూసుకోవడం, పొగా తాగుడూ మానడం - యివన్నీ ముప్పు తగ్గిస్తాయి. ఉప్పువేసి, పొగపెట్టి డబ్బాల్లో నిలవచేసిన మాంసం క్యాన్సర్ కారకమని 2015లో అంతర్జాతీయ సంస్థే ప్రకటించింది. కాని ముప్పు తగ్గించడం వేరు, లేకుండా చేయడం వేరు. మీ అన్నయ్యగారి కంటె పథ్యంగా బతికినవారెవరు?"

ఆ ప్రశ్నతో నేను చల్లబడిపోయాను. సంచి సర్దుకొని లేవబోతూంటే ఆయన నా చెయ్యి పట్టుకొన్నాడు.

"మాస్టారూ, నిజంగా నిరోధించేది ఒకటుంది. 1969లో న్యూయార్కులో విలియం ఉల్ఫ్, హిరోమి షిన్యా అనే యిద్దరు డాక్టర్లు కడుపు కొయ్యకుండా, గొట్టంలోంచి తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను కోసి బయటికి తీశారు. అలా తీయించుకొన్న 1,418 మందిని ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. మామూలుగా ఎందరికి క్యాన్సర్ రావాలని లెక్కకట్టారో, దానికంటె 76 నుంచి 90 శాతం తక్కువమందికే వచ్చినట్టు 1993లో తేలింది. మొక్కగా వున్నప్పుడే పీకెయ్యడం అన్నమాట. రేపు రండి."

గొట్టం పరీక్ష

వెళ్లాను. దాని సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే నన్ను ఏడాది ఆపినది తెలియని భయమే.

రెండు మూడు రోజులు పీచూ, గింజలూ లేని తిండి. ముందురోజు పలచటి మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, పంచదార నీళ్లు. సాయంత్రం ఒక పొడి లీటర్లకొద్దీ నీళ్లలో కలిపి తాగమన్నారు. ఉప్పగా, తియ్యగా, ఏ రుచీ కాని రుచి. ఆ రాత్రి నాకూ మా పెరటి గదికీ మధ్య జరిగిన రాకపోకలు లెక్కల మాస్టారు కూడా లెక్కపెట్టలేదు. ఇనుము మాత్రలు పుచ్చుకొనేవారు వారం ముందే మానాలిట. ఏయే మాత్రలు వాడుతున్నామో ముందే చెప్పాలిట. అరుదుగా రక్తం పోవడం, యింకా అరుదుగా పేగుకు చిల్లి పడడం జరగవచ్చునని కూడా చెప్పి సంతకం పెట్టించుకొన్నారు.

మర్నాడు మత్తుసూది యిచ్చారు. "మాస్టారూ, పదమూడో ఎక్కం చెప్పండి," అన్నాడు నా శిష్యుడు. పదమూడు నాలుగుల దగ్గర నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి మా ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు వుంది.

రెండు పాలిప్‌లు దొరికాయి. ఒకటి చిన్నది. రెండోది సెంటీమీటరు దాటింది. రెండూ తీసేశారు. ముక్కలు పరీక్షకు పంపితే, పెద్దది క్యాన్సర్‌గా మారగల జాతిదని వచ్చింది. ఇంకా మారలేదు. మూడేళ్లకు మళ్లీ చూపించుకోమన్నారు.

ఏడాదిపాటు నేను పొద్దున్నే మాత్రలు మింగుతూ వుంటే, అది లోపల కూర్చొని తన పని తాను చేసుకొంటోంది.

అందరికీ మొదటనే గొట్టం పరీక్ష అక్కర్లేదు. విరేచనంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే చిన్న పరీక్ష వుంది. ఏటేటా దాన్ని చేయిస్తే యీ క్యాన్సర్ చావులు 33 శాతం తగ్గినట్టు అమెరికాలోని మిన్నసోటాలో 46 వేలకు పైగా జనంతో చేసిన పరీక్షలో 1993లో తేలింది. అందులో రక్తం కనిపిస్తే మాత్రం గొట్టం తప్పదు. కుటుంబంలో యీ జబ్బు వున్నవారూ, కారణం తెలియకుండా రక్తం తగ్గుతున్నవారూ, విరేచనంలో రక్తం చూసినవారూ, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినవారూ తమంతట తామే "మొలలు" అని తీర్పు చెప్పుకోకుండా డాక్టరును అడగాలి.

మందుల్ని తిట్టడానికి యిది రాయలేదు. మా ఆవిడకు డి విటమిను నిజంగా తక్కువని పరీక్షలో తేలింది, పుచ్చుకొంటోంది. అన్నయ్యకు యిప్పుడు ఇనుము అవసరం, డాక్టరు చెబితే పుచ్చుకొంటున్నాడు. సీసా తప్పు కాదు. సీసాను చూసుకొని నిర్భయంగా కూర్చోవడమే తప్పు.

అన్నయ్య ఆరు నెలలకొకసారి పరీక్షకు వస్తాడు. వచ్చినప్పుడు మా యింట్లోనే దిగుతాడు. ఫలితం వచ్చేదాకా యిద్దరం చదరంగం ఆడతాం. ఇద్దరిలో ఎవరి మనసూ ఆటమీద వుండదు. ఇంతవరకూ అన్నీ బాగానే వచ్చాయి.

అలమారాలో ఖాళీ అయిన సీసాల్లో మా ఆవిడ మెంతులూ ఆవాలూ పోసుకొంది. మొన్న అబ్బాయి ఫోను చేసి, "వచ్చే నెల వస్తున్నాను, నాన్నా! ఏం తెమ్మంటారు?" అన్నాడు. తండ్రికి అటువంటి పాలిప్ దొరికితే కొడుక్కీ 40వ ఏట పరీక్ష మొదలు. వాడికి యీ శ్రావణంలో 39 నిండుతాయి.

"సీసాలేవీ వద్దురా," అన్నాను. "అక్కడ డాక్టరు దగ్గర నీ పరీక్షకు తేదీ తీసుకొని, ఆ కాగితం తీసుకురా. దాన్ని అలమారాలో పెట్టుకొంటాను."